పాటకు తొందరేముంది

కొత్తగా గిటార్ పట్టిన పిల్లలకు మొదటి నెలలోనే సినిమా పాట నేర్పించే పద్ధతిని నేను ఒప్పుకోను. మెట్రోనోమ్‌ను 60 దగ్గర పెట్టి, పిక్‌తో కిందికొకటి పైకొకటి మీటించాలి. వేలిని ఫ్రెట్ కమ్మీకి వెనుక, దాదాపు ఆనించి నొక్కితే తక్కువ బలంతోనే తీగ జీరపోకుండా పలుకుతుంది. పిక్ మొన కొంచెమే బయటికుంటే పక్క తీగకు తగలదు. చాలామంది పట్టించుకోనిది మిగతా తీగల సంగతి. వాయించని లావు తీగలను కుడి అరచేతి అంచుతో, సన్న తీగలను ఎడమ చూపుడువేలి అడుగుభాగంతో తాకి ఆపకపోతే సరైన స్వరం కూడా రొదలో కలిసిపోతుంది. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు మొదటి కాలంలో కుదిరాకే రెండో కాలానికి పంపే మన సంగీత గురువుల ఓపిక గిటార్ తరగతుల్లోనూ కావాలి. పాటెప్పుడొస్తుందని అడిగే తల్లిదండ్రులకు ఆ మాట మొదటి రోజే చెప్పాలి.