అందరి వెనుక నడిచే మనిషి

నగరంలో పదిమంది కలిసి చేసే వ్యాయామం నిజంగా అందరిదీ అవునా కాదా అన్నది మూడు సంగతులతో తేలిపోతుంది: ఏ వేళకు పెట్టారు, డబ్బు కట్టాలా, వెనకబడినవాళ్లను ఎవరు చూసుకుంటారు. పోస్టర్ మీద ‘అందరికీ స్వాగతం’ అని రాయడం సులువే.

మూడో ప్రశ్నకు చక్కటి జవాబు బ్రిటన్‌లో పుట్టిన పార్క్‌రన్ దగ్గర ఉంది. 2004 అక్టోబరు 2న లండన్‌లోని బుషీ పార్కులో పాల్ సింటన్-హ్యూయిట్ పిలుపు మీద పరుగుకు వచ్చింది 13 మంది. ఇప్పుడు అది ఎన్నో దేశాల్లో వారం వారం జరుగుతోంది. సాధారణంగా శనివారం పొద్దున, దూరం 5 కిలోమీటర్లు. రూపాయి కట్టనక్కర్లేదు. ఒకసారి పేరు నమోదు చేసుకుంటే బార్‌కోడ్ ఇస్తారు. దారి చూపేవాళ్లు, సమయం నమోదు చేసేవాళ్లు, అంతా స్వచ్ఛందంగా వచ్చినవాళ్లే. వాళ్లలో ఒకరి పని అందరికన్నా వెనక నడవడం. దూరానికి కనిపించే రంగు జాకెట్టు తొడుక్కుని, ముందున్న పెద్దావిడ మోకాలు పట్టుకుని ఆగితే తామూ ఆగి, కబుర్లు చెబుతూ, ఆమె గీత దాటాకే తాము దాటుతారు. ఆఖరి స్థానం ఎప్పుడూ ఆ ఒక్కరిదే గనక, వచ్చినవాళ్లెవరికీ ‘అందరికన్నా ఆఖరున వచ్చాను’ అన్న చిన్నతనం ఉండదు. చూపు లేనివారికి జతగా పరిగెత్తేవాళ్లూ ఉంటారు.

మొదటి ఏళ్లలో అక్కడ సగటున 22 నిమిషాల్లో పరుగు ముగించేవారు. తర్వాత ఆ సగటు అరగంట దాటింది. పోటీ లెక్కలో ఇది వెనకడుగు. నిర్వాహకులు మాత్రం దీన్ని సంతోషంగా చెప్పుకుంటారు. వయసు మళ్లినవాళ్లు, ఎన్నడూ పరుగెత్తనివాళ్లు, నడిచేవాళ్లు వస్తున్నారనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏముంటుంది? 2024లో వేగానికి సంబంధించిన రికార్డుల పట్టికలను వెబ్‌సైటు నుంచి తీసేశారు. వేగంగా పరిగెత్తేవాళ్లు కొందరు నొచ్చుకున్నా, ఆ నిర్ణయం సరైనదే.

వేళ విషయంలో నేర్చుకోవలసింది కొలంబియా రాజధాని బొగొటా నుంచి. 1974లో అక్కడ మొదలైన సిక్లోవియా కింద ఆదివారాలు, సెలవు రోజుల్లో ఉదయం 7 నుంచి మధ్యాహ్నం 2 దాకా నూరు కిలోమీటర్లకు పైగా రోడ్లను మోటారు వాహనాలు లేకుండా వదిలేస్తారు. 1995లో దానికి రెక్రియోవియా తోడైంది. పార్కుల్లో శిక్షకులు వేదికెక్కి, పాటలు పెట్టి, వందల మందితో కసరత్తు చేయిస్తారు. ఖర్చు నగర ప్రభుత్వానిది. పనిరోజుల్లో సాయంత్రాలు కూడా ఉంటుంది. వచ్చేవాళ్లలో మహిళలే ఎక్కువ.

మన నగరాల్లో ఇలాంటివి దాదాపు అన్నీ తెల్లవారగానే. విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే వాహనాలు ఆపడం నడిచేవాళ్లకు వరమే. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్‌కే బీచ్ నుంచి భోగాపురం దాకా దాదాపు 3 లక్షల మంది కూర్చున్నారు. కానీ మామూలు రోజున ఉదయం ఆరు గంటలంటే చాలా ఇళ్లలో కుళాయి వచ్చే వేళ, పిల్లల టిఫిన్ డబ్బాలు సర్దే వేళ. ఇళ్లలో పనిచేసేవాళ్లు, వీధులు ఊడ్చేవాళ్లు అప్పటికే పనిలో ఉంటారు. వాళ్లకు వీలయ్యేది సాయంత్రం, అదీ పార్కులో దీపాలు వెలిగితేనే.

వేళ కుదిరినా గేటు దగ్గర చిక్కు ఉంటుంది. మోటారు సైకిళ్లు రాకుండా పాతిన ఇనుప కడ్డీలు చక్రాల కుర్చీని కూడా ఆపేస్తాయి. కడ్డీల మధ్య ఎడం కాస్త పెంచితే సరిపోయే చోట్లూ ఉన్నాయి. లోపల మరుగుదొడ్డికి తాళం వేసి ఉంటే, షుగర్ ఉన్న పెద్దవాళ్లు పావుగంటకే ఇంటిదారి పడతారు.