సీతాఫలానికి నూనె పూయకండి

దసరా దగ్గర పడుతుంటే షాద్‌నగర్ దాటి జడ్చర్ల వైపు వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన సీతాఫలం గంపలు వెలుస్తాయి. కార్లు ఆగుతాయి. దిగినవాళ్ళలో కొందరు బేరం మొదలుపెట్టక ముందే ఫోన్ పైకెత్తుతారు. ఫొటో చప్పగా వస్తే నింద పండు మీద పడుతుంది: ‘సీతాఫలం ఫొటోకు పనికిరాదు, ఆపిల్ అయితే మెరిసిపోతుంది.’

ఈ మాట స్టూడియోల్లోనూ, యూట్యూబ్ పాఠాల్లోనూ, పండ్లమ్మే యాప్‌లకు బొమ్మలు తీసేవాళ్ళ దగ్గరా గట్టిగా పాతుకుపోయింది. పండు మీద మచ్చ ఉండకూడదట. తుడిచి ఓ చుక్క నూనె పూయాలి, గ్లిజరిన్ కలిపిన నీళ్ళు చల్లాలి, వెనక తెల్లటి తెర కట్టాలి, రెండు పక్కలా సమానంగా లైట్లు పెట్టాలి. అలా తీస్తేనే ‘ప్రొఫెషనల్’ అట. ఈ పద్ధతి తప్పు. అందచందాల సంగతి తర్వాత చూద్దాం, ముందు అది పండు గురించి అబద్ధం చెబుతుంది.

బాలానగర్ సీతాఫలాన్నే చూడండి. షాద్‌నగర్‌కు దక్షిణాన ఉన్న బాలానగర్ పేరు ఒక రకానికే పేరైంది, మహారాష్ట్ర రైతులు కూడా ఆ పేరుతోనే దాన్ని సాగు చేస్తారు. ఈ పండు పక్వానికి వచ్చిందో లేదో చెప్పేవి దాని కళ్ళు. లేత కాయ కళ్ళు ఒకదానికొకటి ఒరుసుకుని బిగిసి ఉంటాయి. పక్వానికొచ్చే కొద్దీ వాటి మధ్య గాళ్ళు వెడల్పై, అడుగున మీగడ రంగు గీతలు బయటపడతాయి. కళ్ళు విచ్చిన కాయను కోసి మాగబెడితే కొద్ది రోజుల్లోనే మెత్తబడుతుంది, విచ్చనిది ఎన్నాళ్ళు దాచినా సరిగ్గా మాగదు. గంప ముందు కూర్చుని ఒక్కో కాయనూ తిప్పి చూసే పెద్దావిడ వెతికేది ఆ గీతల్నే. రెండు పక్కల నుంచీ సమానంగా వెలుగు పోస్తే గాళ్ళలో నీడ మిగలదు. నీడ లేకపోతే గాడి లేదు, కన్నూ లేదు. ఫోన్ ఫ్లాష్ చేసే చెరుపూ ఇదే.

నూనె చేసే హాని ఇంకా పెద్దది. చెట్టు మీది సీతాఫలానికి సన్నటి తెల్లటి పొడి పూత ఉంటుంది, చేయి తగిలితే చెరిగిపోతుంది. ఆ పూత చెదరలేదంటే పండును ఎక్కువ మంది పిసకలేదని అర్థం. తుడిచి నూనె రాస్తే ఆ గుర్తు పోయి, పండు ప్లాస్టిక్ బొమ్మలా తయారవుతుంది. పూతను పిండినల్లి అనుకుని తుడిచేవాళ్ళూ ఉన్నారు. ఒక పక్క నుంచే పడే వెలుగులో ఆ అనుమానానికి చోటుండదు: పూత పలచగా పరుచుకుని ఉంటుంది, పిండినల్లి దూది ఉండలా గాళ్ళలో కూర్చుని తన నీడ తాను వేస్తుంది.

పక్క వెలుగు విలువ ఏమిటో షాద్‌నగర్‌కు కొత్తగా చెప్పనక్కర్లేదు. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వారి యాంటెన్నాలు ఇక్కడే ఉన్నాయి. 1988 మార్చిలో ఎగిరిన ఐఆర్‌ఎస్-1ఎ నుంచి మొదలుకొని మన ఉపగ్రహాలు తీసిన నేల చిత్రాలు ఇక్కడికి దిగుతున్నాయి. ఆ ఉపగ్రహాల్లో చాలా వరకు మన మీదుగా దాదాపు ఉదయం పదిన్నర ప్రాంతంలో వెళ్ళేలా కక్ష్యను కుదుర్చుకున్నారు. అప్పటికి సూర్యుడు నడినెత్తికి రాడు కనుక గుట్టలకు ఒక పక్క నీడ ఉంటుంది, నేల ఎత్తుపల్లాలు తెలుస్తాయి. గుట్టకు పనికొచ్చిన సూత్రం గుప్పెడు పండుకు ఎందుకు పనికిరాదు?

ఖరీదైన లైట్లు లేనిదే కుదరదన్న వాదన కూడా నిలవదు. రాజా దీన్‌దయాళ్ 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచిన నాటికి ఫొటో స్టూడియోలు నడిచింది పగటి వెలుతురు మీదే. ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో ఒక బెంగుళూరు మిరపకాయను రేకు గరాటులో నిలబెట్టి తీసిన చిత్రాన్ని ప్రపంచం ఇప్పటికీ చూస్తోంది. షాద్‌నగర్‌లో ఏ ఇంట్లోనైనా ఉత్తరపు కిటికీ, ఒక స్టీలు పళ్ళెం, ఒక థర్మోకోల్ ముక్క ఉంటే పని జరుగుతుంది. ట్యూబ్‌లైటు ఆర్పేయాలి, లేకపోతే రెండు రకాల వెలుగులు కలిసి పండు రంగు చెడుతుంది. కిటికీ పండుకు ఎడమ పక్కన ఉంటే థర్మోకోల్ కుడి పక్కన నిలబెట్టాలి. దాన్ని దగ్గరికి జరిపితే నీడ పలచనవుతుంది, దూరం జరిపితే చిక్కనవుతుంది. గాడి అడుగున గీత కనబడేంత వరకే దగ్గరికి తేవాలి. ఫోన్ పండు మీదికి వంచితే ముందు కళ్ళు ఉబ్బిపోతాయి, రెండడుగులు వెనక్కి జరిగి జూమ్ చేయడం మేలు. వెలుగు ఓ పిసరు తగ్గించి తీస్తే తెల్లటి పూత పాలిపోదు.

అమరిక నేర్చుకోవడానికి గంపను మించిన బడి లేదు. అమ్మే ఆమె కింద ఆకులు పరిచి, పెద్ద కాయలను పైన పేర్చి, కళ్ళు బాగా విచ్చిన వైపును రోడ్డుకు తిప్పి పెడుతుంది. మూడు పండ్లే ఉండాలి, బేసి సంఖ్యే ఉండాలి అనే కొలతలు ఆమెకు అడ్డురావు.

‘మచ్చలున్న పండును ఎవరు కొంటారు?’ అన్నది న్యాయమైన ప్రశ్నే. మట్టి దులపాలి, చీమలు తోలాలి, కుళ్ళినదాన్ని పక్కన పెట్టాలి. కానీ ఎండకు కమిలిన చిన్న మచ్చ కుళ్ళు కాదు. చిత్రకారుడు కారవాజియో గీసిన, మిలాన్‌లో ఉన్న పండ్ల బుట్ట బొమ్మలో ఆపిల్‌కు పురుగు తొలిచిన రంధ్రం ఉంది, ఆకులు వాడి ముడుచుకున్నాయి, అయినా నాలుగు వందల ఏళ్ళుగా అది పండ్ల బుట్టే. అమెరికాలో క్యాంప్‌బెల్ కంపెనీ 1960ల చివర్లో సూపు ప్రకటన కోసం గిన్నె అడుగున గోళీలు వేసి కూరగాయ ముక్కలను పైకి తేల్చితే అక్కడి వ్యాపార నియంత్రణ సంస్థ తప్పుబట్టింది. నూనె పూసిన సీతాఫలం ఆ గోళీలకు దగ్గరి చుట్టమే. ఫొటోలో నిగనిగలాడిన పండు ఇంటికి నల్లబడి వస్తే కొన్నవాళ్ళు తిట్టేది ఫొటోగ్రాఫర్‌ను కాదు, రైతును. ఫ్రిజ్‌లో పెట్టినా నల్లబడే పండు ఇది, దాన్ని ఆపిల్‌లా చూపించి అమ్మితే ఆపిల్‌లా నిలవ ఉంటుందనే అనుకుంటారు.

పళ్ళెంలో పెట్టిన కాయను మాగాక మళ్ళీ అదే కిటికీ దగ్గర చూడండి. గాళ్ళు పగులుతాయి, కాడ దగ్గర ఒక కన్ను ఊడి వస్తుంది. ఆ గుంటలో తెల్లటి గుజ్జు, దాని చాటున నల్లగింజ అంచు కనబడతాయి. వెలుగు అందులోకి పడేలా పళ్ళెం కాస్త తిప్పితే చాలు. ఫొటో తీసిన వెంటనే పండు తినేయాలి, రేపటికి ఆగదు.