సముద్రము పాలగు నీరు

గోదావరి జలములు వృథాగా సముద్రము పాలగుచున్నవను మాట మన రాజకీయ సభలలో నిత్యము వినవచ్చుచున్నది. పక్షమేదైనను, వేదిక యేదైనను ఈ మాటకు చప్పట్లు తప్పవు. పోలవరము పూర్తిచేయవలెననువారును, ఆ నీటిని కృష్ణకును పెన్నకును మరలింపవలెననువారును ఈ వాక్యముతోనే ఉపన్యాసమారంభింతురు. నది నీటి నుపయోగించుకొనవలెననుట న్యాయమే. కాని సముద్రమున గలసిన ప్రతి బొట్టును వృథాయేనా అని అడుగువారు మాత్రము అరుదు. ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము గ్రంథములలో వెదుకనక్కరలేదు. కాకినాడనుండి యానాము పోవు దారిలో కోరంగి వద్ద బండి దిగి, మడ అడవిలోనికి నాలుగడుగులు వేసిన చాలును.

కోరంగి తెలుగువారికి క్రొత్త పేరు కాదు. చొల్లంగి అమావాస్యకు స్నానమాడి సప్తసాగరయాత్రకు బయలుదేరువారికి అది పుణ్యస్థలము. ఒకప్పుడది ఓడలు గట్టిన రేవు. బర్మాకు పొట్టకూటికై వలసపోయిన తెలుగువారిని అచ్చటివారు కోరంగీలని పిలిచిరనిన ఆ రేవు ప్రసిద్ధి యెట్టిదో ఊహింపవచ్చును. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన ఆ రేవును పాడుచేసినది. ఓడలు పోయినవి గాని అడవి మిగిలినది. దానిని ప్రభుత్వమువారు 1978లో అభయారణ్యముగా ప్రకటించిరి. దాని విస్తీర్ణము 235 చదరపు కిలోమీటర్లకు కొంచెము పైగా నుండును. తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న మున్నగు చెట్లకును, నీటికుక్కలకును, చేపలను వేటాడి బ్రదుకు బావురుపిల్లికిని, శీతకాలమున దూరదేశములనుండి వచ్చు పక్షులకును అది ఆశ్రయము. దాని చెంగటనే సుమారు 16 కిలోమీటర్ల పొడవున హోప్ దీవి యను ఇసుకతిన్నె గలదు. అలల తాకిడి కాకినాడ రేవునకు తగులకుండ అది అడ్డు నిలుచుచున్నది. ఆ తిన్నెపైననే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గ్రుడ్లు పెట్టుచున్నవి.

ఇవి యన్నియు పక్షులను చూచి వినోదించువారి కోరకు మాత్రమే ననుకొనుట పొరపాటు. సముద్రమున వలకు దొరకు రొయ్యయు, పీతయు, అనేక జాతుల చేపలును పసితనమున ఈ మడ వేళ్ల నడుమనే తలదాచుకొని పెరుగును. నర్సరీ చెడిన తోట కాయదు గదా! ఇక తుపానుల మాట. 1996 నవంబరు 6వ తేదీ రాత్రిని కోనసీమవా రెవ్వరును మరువలేదు. మడ అడవి గాలిని ఆపజాలదు. మహోప్పెనను పూర్తిగా నిలుపజాలదు. కాని దట్టమైన వేళ్లును మ్రాకులును అల బలమును విరుచును, తీరపు మట్టిని పట్టి యుంచును. అంతటి కాపును గోడగా కట్టవలెనన్న ఏ ఖజానా చాలును?

అభయారణ్యమనగా మనవారి తలంపున కంచె, కావలివాడు, నిషేధపు పలక. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము ఇచ్చిన అధికారము తక్కువైనది కాదు. గొడ్డలిని ఆ చట్టము ఆపగలదు. కాని మడ చెట్టు గొడ్డలితో మాత్రమే చావదు. ఒకచోట చెట్లను మొత్తముగా నరికినప్పుడు నేల ఎండకు బయలుపడి, తేమ యింకిపోయి, క్రుంగి పళ్లెమువలె పల్లమగును. పోటునీరు అందులో ప్రవేశించును గాని పాటున వెలికి పోలేదు. నిలిచిన నీరు ఎండి ఉప్పు మిగులును. ఏటేట ఉప్పు పెరిగి, అచ్చట తిరిగి ఏ మొక్కయు లేవదు. ఇట్టి చవిటిపఱ్ఱలకు చేపముల్లు ఆకారమున కాలువలు త్రవ్వి, పోటుపాటులకు దారి యిచ్చి, మరల మడ మొక్కలు నాటు పద్ధతిని ఎం. ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు గ్రామస్థుల సాయముతో కృష్ణా గోదావరీ ముఖములందు ఆచరించి చూపిరి. నీరు కదలినచోట అడవి లేచినది. దీనివలన తేలునదేమి? మడ అడవికి కావలి యెంత యవసరమో, కదలు నీరు అంతకంటె నవసరము.

ఆ నీటిలో సగము సముద్రము నుండి వచ్చును. రెండవ సగము గోదావరినుండి రావలెను. తీపినీరు తగ్గినకొలది ఉప్పుకోర్చు తెల్లమడ వంటివి గిడసబారి మిగులును. ఉప్పు నోర్వలేని జాతులు ఒకటొకటిగా తొలగిపోవును. జీవవైవిధ్యము నశించుట యన ఇదియే. అది గొడ్డలి చప్పుడు లేకుండ జరుగును. వర్షకాలమున వరదనీటికి లోటు లేదు. 1852లో కాటను దొర ఆనకట్ట పూర్తియైనది మొదలు డెల్టా పంటలకు ప్రాణమైన ధవళేశ్వరమున, ఎండకాలము వచ్చుసరికి నదికి మిగులునది దాదాపు శూన్యము. అభయారణ్యమునకు తీపినీరు మిక్కిలి కావలసినదియు ఆ నెలలలోనే. ఎగువ జలాశయములు నీటితో గూడ ఒండ్రును పట్టుకొనుచున్నవి. ఒండ్రు రాని నదీముఖమును సముద్రము కోసికొని పోవుట ప్రకృతి ధర్మము.

1980లో బచావత్ ట్రిబ్యునలు తీర్పు గోదావరి నీటిని రాష్ట్రములకు పంచినది. నదీముఖము రాష్ట్రము కాదు గనుక దాని పక్షమున వాదించిన వకీలు లేడు. నేటికిని దాళ్వాకు ముందు సాగునీటి సలహామండలి కూడినప్పుడు ఎకరముల లెక్క వచ్చును, త్రాగునీటి లెక్క వచ్చును, పరిశ్రమల లెక్క వచ్చును. కోరంగి లెక్క రాదు.

శివారు భూములకే దాళ్వా నీరు చాలనప్పుడు అడవికి నీరెక్కడిదని రైతు సోదరులు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్నలో న్యాయము గలదు. మేము దానిని తేలికగా త్రోసివేయము. కాని శివారు రైతునకు శత్రువు అడవి కాదు, ఉప్పు. నది నోట తీపినీరు లేనప్పుడు సముద్రజలము పాయలవెంటను మురుగు కాలువలవెంటను ఎగువకు ప్రాకును. మొదట మడ చెట్టును, పిదప శివారు చేనును, ఆపై ఊరి బావిని పట్టును. అడవికి విడిచిన నీరు ఆ దారిలో చేనిని గూడ కాచుచున్నది. అదియునుగాక, మేము కోరునది నది మొత్తము కాదు. ఎండకాలపు నెలలలో ముందుగా నిర్ణయించి, నమ్మకముగా విడువదగిన కొలది పాలు మాత్రమే. కాలువల గట్లు బాగుచేసి, లీకులు మాన్పి, వంతులవారీగా నీరిచ్చిన ఆ పాలు మిగులకపోదు.

భూస్వాములకు మరియొక మాట చెప్పుట మా విధి. 1990 తరువాత రొయ్యల చెరువులు తీరమున ఎట్లు వ్యాపించినవో ఎల్లరకును తెలియును. 1996 డిసెంబరు 11న సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. 2005లో తీర ఆక్వాకల్చర్ చట్టము వచ్చినది. చట్టమున్నను చెరువు మురుగు పాయలోనికి పోవుచున్నచోట్ల మందులు, మేతమడ్డి అడవిలోనికే చేరును. ఆ పాయనీటినే మరల తోడుకొను చెరువునకు తెగులు వచ్చినప్పుడు దైవమును నిందించి ఫలమేమి? పెరటి నూతిలో తామే చెత్త వేసి, నీళ్లు చెడినవని వాపోవుట వంటిదది.

పట్టణవాసులును నిర్దోషులు కారు. 2020లో కాకినాడ దుమ్ములపేట వద్ద పేదల ఇండ్ల స్థలములకై మడ భూమిని పూడ్చుచున్నారను వివాదము జాతీయ హరిత ట్రిబ్యునలు వరకు పోయినది. పేదవానికి ఇల్లు కావలెను, సందేహము లేదు. కాని ఉప్పెనకు మొదట ఎదురగు పల్లమున, ఉప్పెనకు అడ్డగు చెట్టును కొట్టి వానికి ఇల్లు చూపుట దయ యనిపించుకొనదు.

నేడు ఈ అడవికి యజమానులు పెక్కురు. చెట్టు అటవీశాఖది, నీరు జలవనరుల శాఖది, వేట మత్స్యశాఖది, చెరువులకు వేరొక అథారిటీ, రేవునకు వేరొకటి. పదిమంది కాచు పశువు పస్తుండునన్నట్లున్నది దాని స్థితి. ఒక్క యుదాహరణము: తాబేళ్లు జనవరి మొదలుకొని ఒడ్డునకు వచ్చును, మరపడవల వేట నిషేధము ఏప్రిల్ 15న గాని ఆరంభము కాదు, జూన్ 14న ముగియును. నడుమనున్న నెలలలో తాబేలు తప్పించుకొను సాధనమును వలలకు తగిలించుటయొక్కటే శరణ్యము. దానికి జాలరి యొప్పుదల కావలెను గాని జుల్మానా మాత్రమే చాలదు.

కావున మేము కోరునవి స్వల్పము. సలహామండలి పట్టికలో దాళ్వా ఎకరముల సరసన కోరంగి పేరును వ్రాయుడు. దాని కెంత నీరు, ఏ నెలలలో అని నిర్ణయించి ప్రకటింపుడు. ఈ శాఖలన్నిటికి జవాబుదారీగల ఒక్క మండలిని నియమించి, అందు శివారు రైతులకును, గాడిమొగ, భైరవపాలెము వంటి పల్లెల జాలరులకును ఓటుతో కూడిన స్థానమిండు. పాయల నోళ్లు పూడకుండ ఏటేట త్రవ్వింపుడు. 2023లో కేంద్ర ప్రభుత్వము మడ అడవుల పెంపకమునకు మిష్టి పథకమును ప్రకటించినది. ఆ ధనముతో నాటు మొక్కల సంఖ్యను గాక, మూడేండ్ల పిదప బ్రతికినవాని సంఖ్యను లెక్కచూపుడు.

గోదావరి నాసికమున పుట్టి ఇన్ని సీమలను పోషించి వచ్చి, తుదకు కోరంగి వద్ద తన బిడ్డకు పాలీయబోవుచుండ, ఆ పాలు నేలపాలగుచున్నవని మనము కుండ పట్టుచున్నాము. సముద్రము పాలగు నీరెల్ల వృథా కాదు. అందు కొంత సముద్రమునకు మనము చెల్లింపవలసిన శిస్తు. శిస్తు ఎగవేసిన భూమిని సముద్రుడు వేలము వేయడు, తానే స్వాధీనపరచుకొనును.