చదరంగ గ్రంథాలు - అభ్యాసకుని వివేకం

చదరంగానికి పుట్టినిల్లు భారతదేశమని ప్రతీతి. కాని ఆ ఆటను శాస్త్రంగా విడమరచి చెప్పిన గ్రంథాలు ఎక్కువగా పాశ్చాత్య భాషలలోనే వెలువడ్డాయి. హంపి, హరికృష్ణ, అర్జున్ వంటివారి విజయాలను విని నేడు తెలుగునాట ఎందరో బాలబాలికలు బల్లముందు కూర్చుంటున్నారు. తల్లిదండ్రులు ఉత్సాహంతో పుస్తకాలు కొనిపెడుతున్నారు. ఏ పుస్తకం, ఎప్పుడు, ఎవరికి అన్న విచారణ మాత్రం అరుదు.

అభ్యాసకుని చూపు సాధారణంగా మొదట పడేది ఆరంభపుటెత్తుల గ్రంథాల మీద. పది పన్నెండు ఎత్తులు కంఠస్థం చేస్తే ప్రత్యర్థిని కలవరపెట్టవచ్చునని ఆశ. కాని ప్రత్యర్థి పుస్తకంలో లేని ఎత్తు ఒకటి వేస్తే చాలు, కంఠపాఠం అక్కడితో ఆగిపోతుంది. అమరం వల్లించి, శ్లోకానికి అర్థం చెప్పలేని విద్యార్థి అవస్థ ఇదే. వల్లె వేయడం దోషం కాదు. వల్లె వేసినదే విద్య అనుకోవడం దోషం.

క్యూబా దేశీయుడు కపబ్లాంకా 1921లో ప్రపంచ విజేత అయ్యాడు. ఆ సంవత్సరమే వెలువడిన 'చెస్ ఫండమెంటల్స్' గ్రంథాన్ని ఆయన ఆరంభపుటెత్తులతో మొదలుపెట్టలేదు. రాజు, ఏనుగు కలిసి ఒంటరి రాజుకు ఆట కట్టించే విధానంతో మొదలుపెట్టాడు. పావులు కొద్దిగా ఉన్నప్పుడే ఒక్కొక్కదాని బలం స్పష్టంగా తెలుస్తుంది. ఒకవైపు రాజు, బంటు. మరొకవైపు ఒంటరి రాజు మిగిలిన ఆటలో, రాజు బంటుకు ముందు నడిస్తే సాధారణంగా గెలుపు. బంటును ముందుకు తోసి రాజు వెనుక నడిస్తే చాలసార్లు ఆట సమానమే. ఈ చిన్న సంగతి ఎరుగనివాడు నలభై ఎత్తులు శ్రమించి సంపాదించిన ఆధిక్యాన్ని చివరిలో జారవిడుచుకుంటాడు.

పాశ్చాత్యుల ఆరంభశాస్త్రం అంతగా ఎరుగకుండానే మీర్ సుల్తాన్ ఖాన్ 1929, 1932, 1933 సంవత్సరాలలో బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. అందుచేత పుస్తకాలే అనవసరమనడం తొందరపాటు. అంతటి సహజప్రతిభ అందరికీ ఉండదు. కాని ఆరంభజ్ఞానం ఒక్కటే ఆటకు ప్రాణం కాదని ఆయన చరిత్ర చాటుతున్నది.

అంత్యపాఠం అయిన తరువాత, ఎత్తుఎత్తుకూ కారణం చెప్పే గ్రంథం కావాలి. చెర్నెవ్ 1957లో ప్రకటించిన 'లాజికల్ చెస్' అటువంటిది; అందులో 33 ఆటలకు అడుగడుగునా వ్యాఖ్యానం ఉంది. నిమ్‌జోవిచ్ 'మై సిస్టం', 1953 జ్యూరిచ్ పోటీలోని 210 ఆటలపై బ్రోన్‌స్టీన్ రచించిన గ్రంథం మహత్తరమైనవే. అయితే ఆదిలోనే వాటిని చేపట్టడం పెద్ద బాలశిక్ష ముగియకముందే వసుచరిత్రను తెరవడం వంటిది.

కంప్యూటరుండగా పుస్తకమెందుకని కొందరి ప్రశ్న. ఏ ఎత్తు మేలో యంత్రం క్షణంలో చూపుతుంది. ఎందుకు మేలో మనిషికి అర్థమయ్యే మాటలలో చెప్పేవాడు మంచి గ్రంథకర్త. ఆ 'ఎందుకు' లేనిదే ఒక ఆటలో నేర్చినది మరొక ఆటకు పనికిరాదు.

ఫిషర్ 1969లో తన అరవై ఆటలను ఏర్చి కూర్చినప్పుడు, వాటిలో తాను ఓడిన మూడింటిని కూడ చేర్చాడు. అంతటివాడు దాచని ఓటమిని అభ్యాసకుడు దాచుకోవలసిన పనిలేదు. ఓడిన ఆటలను నోటుబుక్కులో వ్రాసుకొని, ఎక్కడ తప్పటడుగు పడిందో చూసుకుంటే తనకు కావలసిన పుస్తకమేదో తెలుస్తుంది. చివరిలో చేజారుతున్నవానికి అంత్యగ్రంథం, మధ్యలో పావులు పోగొట్టుకునేవానికి సమస్యల సంపుటి అవసరం. అలా ఎంచుకున్న ఒక్క గ్రంథాన్ని, బల్లమీద పావులు పేర్చుకొని, కడదాకా చదవడం మంచిది. బీరువాలో సగం చదివి పెట్టిన పది పుస్తకాలు ఆ మేలు చేయలేవు.