మానాలన్న మనసు ఎలా పుడుతుంది?

మద్యం గురించి మన రాష్ట్రాల్లో చర్చ ఎప్పుడూ దుకాణాల చుట్టూనే తిరుగుతుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ప్రభుత్వం చేపట్టిన దుకాణాలు 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు వారి చేతికి వెళ్లాయి. ఈ వాదన అవసరమే. కానీ దుకాణం ముందు నిలబడిన మనిషి మనసులో ఏం జరుగుతోందని అడిగేవారు తక్కువ. సంఘంగా మనమూ అడగడం లేదు.

కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ జరిపిన సర్వే 2019లో వెలువడింది. మద్యానికి బానిసలైనవారిలో ఏదో ఒక చికిత్స పొందినవారు 38 మందిలో ఒక్కరేనని అది తేల్చింది. మిగిలినవారికి మానాలని లేదా? ఉంది. మానకూడదనీ ఉంది. ఈ రెండు మనసుల మధ్య నలగడమే ఈ రోగంలో పెద్ద భాగం.

అమెరికా మనస్తత్వవేత్త విలియం మిల్లర్ 1983 నుంచి చెబుతూ వచ్చిన సంగతి ఇదే. ఎదుటివాడు గద్దించేకొద్దీ తాగేవాడు తన తాగుడును సమర్థించుకుంటాడు. ఓపికగా వింటూ అడిగితే, మానడానికి కారణాలు తానే చెప్పుకుంటాడు. తన నోట వచ్చిన కారణమే అతణ్ణి నడిపిస్తుంది. కూతురి పెళ్లి, పోయిన పరువు, వణికే చేతులు, ఏదైనా కావచ్చు. కారణం ఒక్కటే చాలదు, తనవల్ల అవుతుందన్న నమ్మకమూ కావాలి.

ఆ నమ్మకాన్ని మనమే చాలాసార్లు చంపేస్తున్నాం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఒట్టు వేయిస్తాం, వెంటనే సాక్ష్యం చెప్పిస్తాం. సంక్రాంతికి అతడు మళ్లీ తాగితే గుసగుసలాడతాం. "తప్పు చేశాను" అనుకున్నవాడు తిరిగి లేస్తాడు. "నేనింతే" అనుకున్నవాడు సీసా దగ్గరికే వెళ్తాడు, మందిరానికి రాడు. కోలుకునే దారిలో జారిపడటం సాధారణమని వైద్యులు అంటుంటే, మనం దాన్ని విశ్వాసభ్రష్టత్వంగా లెక్కిస్తున్నాం.

బేతెస్ద కోనేటి దగ్గర ఏళ్ల తరబడి పడి ఉన్న రోగిని ప్రభువు నిందించలేదు. బాగుపడాలని ఉందా అని ముందు అడిగాడు. ఆ మనిషి సూటిగా జవాబివ్వలేదు, తనకు సాయపడేవాడు లేడని చెప్పుకున్నాడు. ప్రభువు ఆ మాటకు విసుక్కోలేదు.

సంఘ పెద్దలకు మా మనవి ఇది. ప్రార్థన మానకండి, దానితో పాటు వినండి. ఏళ్లుగా రోజూ తాగుతున్నవారిచేత ఉపవాస కూడికలో ఒక్కసారిగా మాన్పించకండి. ఫిట్స్, మతిభ్రమణ వచ్చి ప్రాణానికే ముప్పు కావచ్చు. ముందు డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. 14446, 14416 ఉచిత హెల్ప్‌లైన్ నంబర్లను మందిరం గోడమీద రాయించండి. కోలుకున్న సహోదరుణ్ణి అతనికి జతచేయండి. తాగేవాడి భార్యాబిడ్డలను నలుగురిలో నిలబెట్టి ప్రశ్నించకండి.

మళ్లీ పడినవాడు వచ్చే ఆదివారం ధైర్యంగా రాగలిగే చోటుగా మన మందిరం ఉందా? ముందు ఈ ప్రశ్నకు మనం జవాబు చెప్పుకుందాం.