ఆకాశమున పొరుగువారు

అమావాస్యనాటి రాత్రి ఆరుబయట నిలిచి ఆకాశమును చూచువానికి ఒక ప్రశ్న తోచక మానదు. ఇంత విశాలమైన విశ్వమున ఆలోచింపగల ప్రాణి భూమిపై మాత్రమే ఉన్నదా? మరెక్కడనైనను బుద్ధిజీవులు ఉన్నారా? ఈ ప్రశ్నకు కొందరు "తప్పక ఉన్నారు" అనియు, మరికొందరు "ఎవ్వరును లేరు" అనియు తడుముకొనక చెప్పుదురు. ఈ యిరు తెగలవారును తొందరపడుచున్నవారే. "ఇంకను తెలియదు, వెదకుచున్నాము" అనుటయే నేటికి సరియైన సమాధానము. అది పిరికివాని మాట కాదు. అట్లు చెప్పుటకే ఎక్కువ ధైర్యము కావలెను.

ఉన్నారనువారి వాదమునకు బలము లేకపోలేదు. సూర్యుడును ఒక నక్షత్రమే. పాలపుంతలో నక్షత్రములు పదివేల కోట్లకు పైగా కలవు. 1995వ సంవత్సరమున మేయర్, కెలోజ్ అను ఇద్దరు స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు సూర్యునివంటి వేరొక నక్షత్రము చుట్టును ఒక గ్రహము తిరుగుచున్నట్లు కనుగొనిరి. నాటినుండి నేటివరకు పరనక్షత్రముల చుట్టు తిరుగు గ్రహములు 5,000కు మించి బయటపడినవి. ఇన్ని యిండ్లుండగా ఒక్క యింటనే దీపము వెలుగుచున్నదనుట నమ్మదగినది కాదని వారందురు. అయితే ఇల్లున్నంత మాత్రమున అందు మనుష్యులుందురని చెప్పవచ్చునా? జరుగవచ్చుననుట వేరు, జరిగినదనుట వేరు.

ఈ భేదమును మరచినచో ఏమగునో కుజగ్రహము కథ తెలుపును. 1877లో ఇటలీ దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడగు షియాపరెల్లి దూరదర్శినితో కుజుని పరిశీలించి, ఆ గ్రహముపై పాయలవంటి సన్నని గీతలు కలవని వ్రాసెను. ఆయన వాడిన ఇటాలియను మాట ఇంగ్లీషులోనికి వచ్చునప్పటికి "త్రవ్విన కాలువలు" అను అర్థమును పొందెను. కాలువలున్నచో త్రవ్వినవారును ఉండవలెను గదా! అమెరికాలో పెర్సివల్ లోవెల్ అను ధనవంతుడు 1894లో కుజుని పరిశీలించుటకై ఒక వేధశాలనే కట్టించెను. ఆ గ్రహమున నీరు తరిగిపోవుచుండగా, అచ్చటి బుద్ధిమంతులు ధ్రువములందలి మంచునీటిని మరల్చుకొనుటకై ఈ కాలువలు త్రవ్విరని ఆయన గ్రంథములు వ్రాసెను. అనేకులు దానిని నమ్మిరి.

1903లో ఇంగ్లండులోని గ్రీనిచ్‌లో మాండర్ అను శాస్త్రజ్ఞుడు ఈ విషయమును పాఠశాల బాలురతో పరీక్షింపజేసెను. బాలుర యెదుట కుజుని చిత్రపటము నుంచి, కనబడినది కనబడినట్లు గీయుడని చెప్పిరి. పటమున చిన్నచిన్న మచ్చలే కాని కాలువలు లేవు. అయినను కొంత దూరమున కూర్చుండిన బాలురలో పలువురు కాలువలవంటి గీతలనే గీసిరి. వారు అబద్ధమాడలేదు. విడివిడిగానున్న మచ్చలను కన్ను తనంతట తానే గీతగా కలిపినది. లోవెల్ మహాశయుని కన్నును అట్లే చేసినది. తుదకు 1965లో మారినర్ 4 అను అమెరికా నౌక కుజుని సమీపమునుండి పంపిన చిత్రములలో గుంటలు కనబడినవే గాని, కాలువ యొక్కటియు కనబడలేదు.

ఇక లేరనువారి సంగతి. ఫ్రాంక్ డ్రేక్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1960లో రేడియో దూరదర్శినిని రెండు నక్షత్రములవైపు త్రిప్పి ఆలకించెను. ఎవరి పిలుపును వినబడలేదు. నాటినుండి ఎందరో ఆలకించిరి. నిస్సందేహమైన సందేశ మొక్కటియు అందలేదు. కావున ఎవ్వరును లేరనవచ్చునా? భూమి తన చుట్టు తాను తిరుగుచున్నదని ఆర్యభటుడు చెప్పి పదునైదు శతాబ్దములు గడచినవి. ఆ కాలమున భూమినుండి రేడియో సందేశ మొక్కటియు వెలువడలేదు. నాడు దూరమునుండి ఆలకించినవాడు భూమిపై బుద్ధిమంతులు లేరని నిశ్చయించియున్నచో ఎంత పొరపాటు పడియుండెడివాడు! మౌనము లేమికి సాక్ష్యము కాదు.

మరి వెదకువాడు ఎట్లుండవలెను? 1967లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున జోసెలిన్ బెల్ అను పరిశోధక విద్యార్థిని, రేడియో దూరదర్శినికి అమర్చిన యంత్రము గీసిన కాగితములపై ఒక వింత గురుతును చూచెను. ఆకాశమున ఒకచోటినుండి సుమారు 1.3 సెకండ్ల కొకటి చొప్పున, తప్పని క్రమముతో సంకేతములు వచ్చుచుండెను. పరిశోధకులు వానికి పరిహాసముగా "చిన్ని ఆకుపచ్చ మనుష్యులు" అని పేరిడిరి. లోకమునకు ఆ మాటయే చాటియున్నచో కీర్తి ఒక్క దినమున వచ్చియుండెడిది. కాని ఆమెయు, ఆమె గురువగు హ్యూవిష్‌ను తొందరపడక పరీక్షించిరి. కొలది దినములలో వేరొక దిక్కునుండియు అట్టి సంకేతములే వచ్చుచున్నట్లు ఆమె కనుగొనెను. ఎంతో ఎడముగా నున్న ఇరువురు ఒకే రీతిని పిలుచుచున్నారనుట నమ్మశక్యము కాదు. అవి అతివేగముగా తమ చుట్టు తాము తిరుగు, మిక్కిలి దట్టమైన నక్షత్రములని పిమ్మట తేలినది. పొరుగువారు దొరకలేదు. కాని అంతవరకు ఎవ్వరును చూడని నక్షత్రజాతి దొరకినది.

లోవెల్ చూడగోరినదానిని చూచెను. బెల్ కనబడినదానిని చూచెను. ఇరువురును శ్రమించినవారే. అయినను ఒకరి శ్రమ భ్రమగా ముగిసినది, మరియొకరి శ్రమ శాస్త్రమునకు చేరినది. ఆకాశమున పొరుగువారున్నచో, తన కోరికను ప్రక్కకు నెట్టి చూడగలవానికే వారు దొరకుదురు. లేనిచో, వెదకునప్పుడు దొరకిన సత్యమైనను వానికి మిగులును.