కీమో తర్వాత జ్వరమొస్తే తెల్లారేదాకా ఆగకండి



రాజోలులో మందుల షాపు నడుపుతున్నాను. రాత్రి షట్టరు దించే వేళకి తరచూ ఎవరో ఒకరు వస్తారు. "అమ్మకి ఒళ్లు వెచ్చగా ఉందండి, రెండు డోలో ఇవ్వండి" అంటారు. ఇంకేం మందులు వాడుతున్నారని గుచ్చి గుచ్చి అడిగితే, వారం కిందటే రాజమండ్రిలోనో కాకినాడలోనో కీమో ఎక్కించారన్న సంగతి అప్పుడు బయటపడుతుంది. ఆసుపత్రికి ఫోన్ చేశారా అంటే, "ఈ వేళప్పుడు డాక్టరు గారిని ఏం ఇబ్బంది పెడతామండీ, పొద్దున్న చూద్దాం" అంటారు.

ఆ మొహమాటమే ప్రాణాల మీదికి తెస్తుంది. కీమో మందు క్యాన్సర్ కణాలతో పాటు ఎముక మజ్జలో తయారయ్యే తెల్లకణాలనూ దెబ్బతీస్తుంది. చాలా మందుల విషయంలో కీమో ఎక్కించాక ఏడో రోజుకూ పద్నాలుగో రోజుకూ మధ్య ఆ కణాలు బాగా పడిపోతాయి. వాటిలో న్యూట్రోఫిల్స్ 500 లోపుకి దిగాయంటే, చిన్న ఇన్ఫెక్షన్ కూడా గంటల వ్యవధిలో రక్తంలోకి పాకి బీపీని పడగొట్టేస్తుంది. చీము పట్టాలన్నా తెల్లకణాలే కావాలి కాబట్టి పుండు, వాపు లాంటి ఆనవాళ్లు కూడా సరిగా కనబడవు. చాలాసార్లు జ్వరమొక్కటే గుర్తు. డోలో వేస్తే ఆ గుర్తు చెరిగిపోతుంది, ఇన్ఫెక్షన్ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. అందుకే థర్మామీటరు 100.4 డిగ్రీలు చూపించినా, జ్వరం లేకుండానే చలితో వణుకు పుట్టినా, బిళ్ళ వేయకముందే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. అలాంటి రోగి గుమ్మంలోకి వచ్చిన గంటలోపు నరంలోకి యాంటీబయాటిక్ ఎక్కించాలన్నది వైద్యులు పెట్టుకున్న లెక్క.

మన కోనసీమలో ఆ గంట మొదలవడానికి ముందు ప్రయాణానికే గంటలు పడతాయి. అర్ధరాత్రి సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు దొరకదు, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. వరదొస్తే కనకాయలంక కాజ్‌వే మునిగి పడవే దిక్కవుతుంది. లంకల్లో ఉన్నవాళ్లు మధ్యాహ్నం ఒళ్లు వెచ్చబడగానే ఫోన్ చేయకపోతే, చీకటి పడ్డాక చేసినా బయటపడే దారి ఉండదు.

జ్వరమొక్కటే కాదు. మంచినీళ్లు కూడా నిలవనంత వాంతులు, ఆగని విరేచనాలు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, ఆయాసం, ముద్ద మింగనివ్వని నోటి పూత, ఇవన్నీ వెంటనే చెప్పాల్సినవే. నడుం నొప్పితో పాటు కాళ్లు పట్టు తప్పుతుంటే అది వాతం అనుకుని తైలం రాస్తూ కూర్చోకూడదు. గడ్డ వెన్నుపామును నొక్కుతున్నప్పుడు అలాగే ఉంటుంది, ఆలస్యమైతే నడక తిరిగి రాకపోవచ్చు. ఎవరో చెప్పారని పసరు తాగే ముందు, పన్ను పీకించుకునే ముందు కూడా ఒక్క మాట అడగాలి. మన ఆర్ఎంపీలకూ ఒక మనవి: ఇలాంటి జ్వరానికి పిర్రకి సూది వేయకండి. ప్లేట్‌లెట్లు తగ్గి ఉంటే కండలో రక్తం గూడుకట్టుకుంటుంది.

సరే, ఫోన్ చేద్దామంటే ఎవరికి చేయాలి? నా కౌంటరు మీద ఒకాయన విప్పిన ఫైలు చూశాను. నాలుగు పేజీలూ ఇంగ్లీషే. మందుల పేర్లు, డోసులు, 21 రోజులకి మళ్లీ రమ్మని తేదీ, అడుగున రిసెప్షన్ నంబరు. నా ముందే ఆ నంబరుకి చేశారు, ఓపీ వేళలు చెప్పే రికార్డు తప్ప మనిషి గొంతు వినబడలేదు. జ్వరమొస్తే ఏం చేయాలో ఆ నాలుగు పేజీల్లో ఒక్క ముక్క లేదు.

డాక్టర్లు రాత్రంతా ఫోన్లెత్తుతూ కూర్చోలేరు, నిజమే. కూర్చోమని నేనూ అనడం లేదు. బ్రిటన్‌లో కీమో రోగికి ఒక కార్డు ఇస్తారు, దాని మీద ఇరవై నాలుగు గంటలూ పలికే నంబరు ఉంటుంది. ఫోనెత్తేది ఎక్కువగా శిక్షణ పొందిన నర్సులే. అడగాల్సిన ప్రశ్నల పట్టిక వాళ్ల ముందుంటుంది. వెంటనే రమ్మనాలా, ఇంట్లోనే చూసుకోమనాలా అన్నది దాన్నిబట్టి ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో తేల్చేస్తారు. మన నర్సమ్మలు ఇంతకంటే కష్టమైన పనులు రోజూ చేస్తున్నారు.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా ఉన్న పథకం పుణ్యమా అని, పేదవాడికి కూడా కీమో అందుతోంది. ఆ డబ్బు ఇచ్చేది ప్రభుత్వమే కాబట్టి ఒక షరతు పెట్టే హక్కూ ప్రభుత్వానికి ఉంది. కీమో ఇచ్చే ప్రతి నెట్‌వర్క్ ఆసుపత్రీ రాత్రీపగలూ తెలుగులో మాట్లాడే మనిషి ఎత్తే ఫోన్ పెట్టాలి. ఆ నంబరు, ఎప్పుడు ఫోన్ చేయాలన్న నాలుగు తెలుగు వాక్యాలు ఒక అట్ట మీద అచ్చేసి, మొదటి కీమో రోజునే ఆసుపత్రిలో ఉండే పథకం సహాయకుల చేత చదివించి ఇంటివాళ్ల చేతిలో పెట్టాలి. క్యాన్సర్ పేరు, చివరి కీమో తేదీ రాసుకునే చోటు కూడా ఉంటే, దగ్గర్లో ఏ ఆసుపత్రికి పరుగెత్తినా డ్యూటీ డాక్టరుకి అదే దారి చూపిస్తుంది.

జిల్లాలోని మందుల షాపుల వాళ్లందరికీ నా విన్నపం: జ్వరం బిళ్ళ అడిగినవాళ్లని "ఇంట్లో ఎవరికైనా కీమో జరుగుతోందా అండీ?" అని ఒక్క ప్రశ్న వేయండి. అవునంటే బిళ్ళ చేతికివ్వకుండా, మీ ఫోన్ నుంచే ఆసుపత్రికి కలిపి ఇవ్వండి. అది కలవకపోతే 108కి చేయండి.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
రాజోలు, డా. బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా